అత్తమ్మ గంగ తానం

మామయ్య పోయిన తర్వాత అత్తమ్మ ధర్మాబాద్ దగ్గరి పల్లె నుంచి నాందేడ్‌లోని మా ఇంటికి వచ్చేసింది. పట్నంలో ఆమెకు నచ్చింది ఒక్కటే, నది దగ్గరగా ఉండడం. గోదావరిని మా వైపు గంగ అనే అంటారు. రోజూ తెల్లవారగానే ఘాట్‌కు వెళ్లి, మునిగి, అదే నీళ్లతో పుక్కిలించి, తడి చీరతోనే సూర్యుడికి దండం పెట్టి వచ్చేది. అక్కడికి వచ్చే మరాఠీ ఆడవాళ్లతో తొందరగానే స్నేహం కుదిరింది.

కొన్నాళ్లకు ఆమె కాళ్ల మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. గోకి గోకి పుండ్లయ్యాయి. మందు రాస్తే తగ్గేవి, మళ్లీ లేచేవి. ఆపైన విరేచనాలు. ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టర్ అన్నీ అడిగి, మురుగు కలిసిన నీళ్లలో దిగొద్దని, నోట్లోకి అసలే పోనివ్వొద్దని మరాఠీలో చెప్పాడు.

ఇంటికి తిరిగొచ్చి, గుమ్మం ముందు చెప్పులు విడుస్తూ అత్తమ్మ అంది: “గంగతోని రోగమొస్తదంటడేంది ఆయన? మా అమ్మ గవే నీళ్లు తాగి బతికింది.”

“రేపు పొద్దుగాల తానం జెయ్యకముందు నాతోని జర నడువు అత్తమ్మా, ఒకటి చూపిస్త,” అన్నాను.

మరునాడు ఘాట్ మెట్లు దిగకుండా గట్టు వెంట ఎగువకు నడిచాం. కొంచెం దూరంలోనే పట్నం మురుగును మోసుకొచ్చే నాలా నదిలో కలుస్తోంది. నల్లటి నీళ్లు, తెల్లటి నురగ, కవర్లు, ముక్కు మూసుకునేంత వాసన. ఆ నలుపు ఒడ్డునే ఆనుకుని నేరుగా మెట్ల వైపు పోతోంది. అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

“మనింటి నీళ్లు గూడ గీ నాలాలకే వస్తయా?”

“వస్తయి. మన బాత్రూం నీళ్లు గూడ.”

“అంటె నేనిన్నొద్దులు మన మోరీలనే తానం జేసినన్నట్టు,” అని నవ్వడం మొదలుపెట్టింది. నాకూ నవ్వాగలేదు. కానీ తిరిగి నడిచేటప్పుడు ఆమె కళ్లు తుడుచుకోవడం చూశాను.

ఆ రోజు నుంచి ఇంట్లోనే స్నానం చేసి ఘాట్‌కు పోయేది. పై మెట్టు మీదే కూర్చుని దండం పెట్టుకునేది. నోట్లో నీళ్లు పోసుకోబోయిన స్నేహితురాలి చెయ్యి పట్టుకుని ఆపిందట. ముసలామెకు చాదస్తం పట్టిందని వాళ్లు నవ్వారు. అత్తమ్మ ఏమీ అనుకోలేదు. ఒక్కొక్కరినీ నాలా దాకా తీసుకుపోయి చూపించింది. కొందరు ఇంకా మునుగుతూనే ఉన్నారు. కొందరు మానేశారు.

కార్తీకంలో మాత్రం ఆమె మనసు ఆగలేదు. డాక్టర్‌ను అడిగితే, పుండ్లు మానాయి కాబట్టి పట్నానికి బాగా ఎగువన, తల ముంచకుండా, పుక్కిలించకుండా స్నానం చేసుకోమన్నాడు. సోమవారం నాడు ఆటో మాట్లాడుకుని అత్తమ్మ, ఆమె స్నేహితురాళ్లు, నేను ఊరి బయటి పల్లెకు పోయాం. అక్కడ నీళ్లు తేటగా ఉండి కాళ్ల కింది ఇసుక కనిపించింది. అత్తమ్మ మోకాళ్ల లోతులో నిలబడి, చెంబుతో భుజాల మీద నీళ్లు పోసుకుని, చాలాసేపు కళ్లు మూసుకుంది.

ఒడ్డున కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న మంచినీళ్లతో చేతులు కడుక్కుని, జొన్నరొట్టెలు, పల్లికారం తిన్నాం. మరాఠీ, తెలుగు కలిపి అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. “వచ్చే సోమారం పెద్ద ఆటో జెప్పు బిడ్డా,” అంది అత్తమ్మ, “ఇంకిద్దరొస్తమన్నరు.”