లిఫ్టు మెకానిక్ సమతులాహారం

సమతులాహారం గురించి లిఫ్టు మెకానిక్‌కి ఉన్నంత స్పష్టమైన అభిప్రాయం చాలామంది డాక్టర్లకు కూడా ఉండదు. బర్గర్‌లో పైనా కిందా ఉన్న బన్ను ధాన్యం. మధ్యలోని కట్లెట్ మాంసకృత్తులు. చీజ్ పాల పదార్థం. ఉల్లిపాయ చక్రమూ టమాటా ముక్కా కూరగాయలు. అంచు నుంచి వాడిపోయి వేలాడే ఆకు, పేరులోనే ఉంది, ఆకుకూర. పక్కనున్న ఫ్రైస్ భూమిలో పండిన దుంపలు కాబట్టి ప్రకృతికి మరీ దగ్గర. కూల్‌డ్రింక్ దగ్గర మాత్రం అతను కొంచెం ఇబ్బంది పడ్డాడు. చివరికి దాన్ని 'ద్రవాలు ఎక్కువగా తీసుకోండి' అనే సలహా కింద కలిపేశాడు.

ఈ సిద్ధాంతం ఒక్కరోజులో తయారైంది కాదు, ఇరవై రెండేళ్ల సర్వీసులో పండింది. జనం లిఫ్టుల్లో ఇరుక్కోవడానికి ముహూర్తం చూసుకుంటారేమో, సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకే ఇరుక్కుంటారు. ఇంటి దగ్గర కట్టిచ్చిన డబ్బా తినాలంటే వ్యాన్ ఆపాలి, చేతులు కడుక్కోవాలి, మూత తీయాలి. బర్గర్‌కి ఒక్క చెయ్యి చాలు, రెండో చెయ్యి స్టీరింగ్ మీద ఉండొచ్చు. అలా ఇరవై రెండేళ్లు ఒంటిచేత్తో తిని అతను తొంభై ఏడు కిలోలకు చేరుకున్నాడు. డబ్బా మాత్రం ఎలా వెళ్లిందో అలాగే ఇంటికి తిరిగొచ్చేది. గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే కౌంటర్‌లో పనిచేసే అతని భార్య సాయంత్రం దాని మూత తీసి చూసి మళ్లీ పెట్టేసేది. ఏమీ అనేది కాదు. ఏమీ అనకుండా ఉండటంలో ఆవిడది అతని సర్వీసుకంటే ఎక్కువ అనుభవం.

ఏడంతస్తుల అపార్ట్‌మెంటు నుంచి ఫిర్యాదు వచ్చేదాకా బండి అలాగే నడిచింది.

ఆ అపార్ట్‌మెంటు కింద ఎనిమిది నెలల క్రితం ఒక బర్గర్ షాపు తెరిచారు. ఈ మధ్య లిఫ్టుకి జబ్బు చేసింది. ఎనిమిది మందికి, ఐదు వందల నలభై నాలుగు కిలోలకు అని లోపల రేకు మీద రాసున్న లిఫ్టు, ఏడుగురు ఎక్కగానే కీచుమని కూసి కదలనంటోంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అందరూ లిఫ్టునే తిట్టుకుంటున్నారు. మెకానిక్ ఇరవై కిలోల ఇనుప దిమ్మల్ని తోపుడు బండి మీద తెచ్చి ఒక్కొక్కటే లోపల పేర్చాడు. ఇరవై ఏడు దిమ్మలదాకా లిఫ్టు కిక్కురుమనలేదు. ఇరవై ఎనిమిదోది పెట్టగానే కూసింది.

"లిఫ్టు సరిగ్గానే ఉంది సార్," అన్నాడు మెకానిక్.

"అంటే మేం సరిగ్గా లేమనా?" అన్నాడు అపార్ట్‌మెంటు సెక్రటరీ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే జాతి.

"ఆ మాట నేనెలా అంటాను సార్. నేను లిఫ్టులే చూస్తాను."

"ఆ కూత కొంచెం పైకి జరపండి. ఆరు వందల యాభై దగ్గర పెట్టండి."

"కూత జరపొచ్చు సార్. తాళ్లు వినవు."

సెక్రటరీ ఊరుకునే మనిషి కాదు. కమిటీలో మిగిలిన ఐదుగురినీ కిందికి పిలిపించాడు. ఆరుగురూ లిఫ్టెక్కారు. కూత లేదు. మెకానిక్‌ని కూడా రమ్మన్నారు. అతను కాలు లోపల పెట్టాడో లేదో, లిఫ్టు ఊరంతా వినిపించేలా కూసింది.

"చూశారా? ఏడుగురం," అన్నాడు సెక్రటరీ గెలిచినట్టు.

అప్పుడే పాలప్యాకెట్ పట్టుకుని వచ్చిన ఆరో అంతస్తు రిటైర్డ్ టీచరమ్మ గుమ్మం దగ్గర ఆగింది. "బాబూ, నువ్వొకసారి దిగు," అంది. మెకానిక్ దిగాడు. ఆవిడ ఎక్కింది. లిఫ్టు నోరు మూసుకుంది. తలుపులు మూసుకోబోతుండగా ఆవిడ, "ఇప్పుడూ ఏడుగురమే కదా," అంది నెమ్మదిగా.

సెక్రటరీ మొహం వికసించింది. "అయితే తప్పు లిఫ్టుదీ కాదు, మాదీ కాదు." అంతలో తలుపులు మూసుకున్నాయి. ఆ తర్వాత ఆ బిల్డింగ్ నుంచి ఫిర్యాదు రాలేదు. లోపం ఎక్కడుందో అందరికీ తెలిసిపోయింది కదా.

నవ్వి వదిలేసే విషయమే. కానీ ఆ నెలలోనే కంపెనీ కొత్త సేఫ్టీ బెల్టులు తెప్పించింది. లిఫ్టు గోతిలోకి దిగేవాడు నడుముకీ భుజాలకీ కట్టుకునే బెల్టులవి. మనిషి, పనిముట్లు కలిపి వంద కిలోలు దాటకూడదని వాటి మీద కుట్టి ఉంది. పనిముట్లు ఎనిమిది కిలోలు. తొంభై ఏడుకి ఎనిమిది కలిపితే ఎంతో చెప్పడానికి సూపర్‌వైజర్ కాలిక్యులేటర్ తీశాడు. అవసరం లేదని మెకానిక్ అన్నా వినలేదు, నొక్కి చూపించాడు.

"నాలుగు నెలలు టైమిస్తున్నా. తగ్గితే సరే. లేదంటే ఫోన్ల దగ్గర కూర్చుంటావు," అన్నాడు.

ఫోన్ల దగ్గరంటే, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి 'కంగారుపడకండి, మనిషి బయల్దేరాడు' అని చెప్పే సీటు. బయల్దేరే మనిషిగా ఇరవై రెండేళ్లు బతికినవాడికి అది రిటైర్‌మెంటు కంటే హీనంగా కనిపించింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి భార్య ముందు నిలబడి శపథం చేశాడు.

"ఇక జన్మలో బర్గర్ ముట్టను."

"జన్మంతా ఎందుకు లెండి," అంది భార్య. "రేపటి డబ్బా తినండి చాలు."

శపథం చేసినవాడికి డబ్బా చిన్న విషయం. మర్నాటి నుంచి అతను పచ్చి క్యారెట్ల మీదా కీరదోసకాయల మీదా పడ్డాడు. ఫోన్లో ఎవరెవరో పంపిన సలహాలన్నీ చదివాడు. ఒకటి నిమ్మరసం తాగమంది, ఒకటి నిమ్మరసం విషమంది. రెండూ పంపింది ఒకే పెద్దమనిషి. ఒకరోజు మరీ ఆగలేక బర్గర్ షాపుకే వెళ్లి, నిష్ఠగా, 'హెల్దీ' అని పచ్చరంగు బోర్డున్న వైపు నిలబడి సలాడ్ తీసుకున్నాడు. దాని మీద ఒలకబోసిన క్రీమూ, నూనెలో వేయించిన రొట్టెముక్కలూ, చీజ్ తురుమూ పక్కకి తీస్తే మిగిలిన ఆకులు కుందేలు కూడా తినకుండా లేచిపోయేటన్ని ఉన్నాయి. పక్కకి తీసినవి కూడా పారేయడం ఎందుకని తినేశాడు. ఆరోగ్యం కోసమే.

పంతొమ్మిది రోజుల్లో రెండు కిలోలు తగ్గాడు. ఆ రెండు కిలోలతోపాటు అతనిలోని మంచితనం కూడా కరిగిపోయింది. ఇరుక్కున్నవాళ్లని బయటికి లాగి, "ఎక్కేముందు చూసుకోవద్దా?" అని కసిరేవాడు. లిఫ్టెక్కేముందు ఏం చూసుకోవాలో వాళ్లకీ తెలియదు, అతనికీ తెలియదు.

ఇరవయ్యో రోజు ఆ ఏడంతస్తుల బిల్డింగ్‌కే నెలవారీ సర్వీసుకి వెళ్లాడు. కింద షాపులోంచి వాసన మెట్లెక్కి పైదాకా వస్తోంది. రెండు బర్గర్లు పొట్లం కట్టించుకుని డాబా మీద లిఫ్టు మిషన్ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ గది తాళంచెవి అతని దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదు. ఇంత భద్రమైన చోటు దొరికాక మనిషి ఒక్కసారితో ఎలా ఆగుతాడు? వారానికి నాలుగు రోజులు ఏదో మిషతో ఆ బిల్డింగ్ మీదుగా వెళ్లేవాడు. ఆ లిఫ్టుకి జరిగినంత సర్వీసు ఏ లిఫ్టుకీ జరిగి ఉండదు. ఖాళీ పొట్లాలు కింద చెత్తడబ్బాలో వేస్తే ఎవరైనా చూస్తారని కంట్రోల్ పెట్టె వెనక కుక్కేవాడు. సాయంత్రం ఇంటికెళ్లి భార్య ఎదురుగా కూర్చుని, యోగి మొహం పెట్టి, క్యారెట్ కొరికేవాడు.

అలా మూడు వారాలు గడిచాక, ఒక మంగళవారం పదకొండింటికి ఫోనొచ్చింది. ఆ లిఫ్టు నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల సెక్రటరీ ఉన్నాడు.

లిఫ్టు ఆగింది కాబట్టి మెకానిక్ ఏడంతస్తులూ మెట్లెక్కాడు. మూడో అంతస్తు దగ్గర ఒకసారి, ఐదో అంతస్తు దగ్గర రెండుసార్లు ఆగాడు. ఐదో అంతస్తు తలుపు వెనక నుంచి సెక్రటరీ, "వచ్చారా?" అని అరిచాడు. మెకానిక్ దగ్గర జవాబు ఉంది, ఊపిరి లేదు. పైకెళ్లి చేత్తో చక్రం తిప్పి లిఫ్టుని ఐదో అంతస్తుకి చేర్చి, దిగొచ్చి తలుపు తీసి సెక్రటరీని బయటికి దించాడు. మళ్లీ పైకెళ్లి లోపం వెతికాడు. ఎంతోసేపు పట్టలేదు. కంట్రోల్ పెట్టె వెనక తీగల మీద తొడుగంతా ఎలుకలు కొరికేశాయి. చుట్టూ చింపిన బర్గర్ కాగితాలు, సాస్ పొట్లాలు, సగం ఎండిపోయిన ఫ్రైస్. ఎలుకలు ముందు కాంబో తిని, అది చాలక తీగల మీద పడ్డాయి.

వెనక నుంచి అడుగుల చప్పుడు. సెక్రటరీ గుమ్మం పట్టుకుని నిలబడి రొప్పుతున్నాడు. నేల వైపు చూశాడు.

"ఇవెవరివి?"

వాచ్‌మన్‌వి అనొచ్చు. పెయింటర్లవి అనొచ్చు. కానీ అబద్ధమాడాలంటే కూడా నాలుగు మాటలకు సరిపడా దమ్ముండాలి. రెండుసార్లు మెట్లెక్కినవాడి దగ్గర ఒక్క మాటకే ఉంది.

"నావే."

సెక్రటరీ అక్కడే ఇనుప మెట్టు మీద కూలబడ్డాడు. అరుస్తాడని మెకానిక్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. సెక్రటరీ ఒక ఖాళీ పొట్లం తీసి చూశాడు.

"మా కింద షాపువేనా?"

"అవున్సార్."

"పొద్దున పదింటికే మొదలవుతుందయ్యా ఆ వాసన. మా ఇల్లు మొదటి అంతస్తు," అన్నాడు సెక్రటరీ. తన చొక్కా మీది సాస్ మరకని చేత్తో కప్పుకున్నాడు. మొదటి అంతస్తువాడికి నాలుగో అంతస్తు పైన ఏం పనో మెకానిక్ అడగలేదు. "కంపెనీకి రాయనులే. ఇదంతా శుభ్రం చేసి వెళ్లు."

ఆ సాయంత్రం మెకానిక్ క్యారెట్ పక్కన పెట్టి భార్యకి జరిగింది చెప్పేశాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"తెలుసు. మీ చొక్కా జేబుల్లో ఉప్పు పొట్లాలు దొరుకుతున్నాయి."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారేమోనని చూశాను." ఆ క్యారెట్ తీసి లోపల పెట్టేస్తూ, "రేపు చెల్లెల్ని రమ్మంటాను," అంది.

ఆవిడ చెల్లెలు ఆసుపత్రిలో ఎవరేం తినాలో చెప్పే డైటీషియన్. బంధువుల్లోనే ఇంత తెలిసిన మనిషి ఉన్నా మెకానిక్ ఆమెను ఎన్నడూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్తుందని భయం. మర్నాడు ఆమె వచ్చి కూర్చోగానే మొదలుపెట్టాడు.

"ఒక్క మాటలో చెప్పు. తినొచ్చా, తినకూడదా?"

"ఎంత, ఎన్నిసార్లు, మిగతా రోజంతా ఏం తింటున్నావు? ఇవి తెలియకుండా ఒక్క మాటలో ఎలా చెప్తాను బావా?"

"అందులో అన్నీ ఉంటాయి కదా. ధాన్యం, కూరగాయలు..."

"ఆ కూరగాయలు నేనోసారి తూచాను. ఆకూ, టమాటా, ఉల్లిపాయా కలిపి నలభై గ్రాములు. మనిషికి రోజుకి కూరగాయలూ పళ్లూ కలిపి నాలుగు వందల గ్రాములైనా కావాలి. నీ లెక్కన రోజుకి పది బర్గర్లు తినాలి."

మెకానిక్ ఆ ప్రతిపాదన గురించి ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాడు.

"అయితే పూర్తిగా మానేస్తా," అన్నాడు.

"మానేశావుగా మొన్న. ఏమైంది? ఎలుకలు లావెక్కాయి." మరదలు నవ్వలేదు. "వారానికోసారి తిను. చిన్నది. ఫ్రైస్ అక్కతో పంచుకో. కూల్‌డ్రింక్ బదులు మంచినీళ్లు. అది తిన్నరోజు అదే భోజనం, భోజనం తర్వాత పలహారం కాదు. మిగతా ఆరు రోజులూ అక్క కట్టిన డబ్బా. కుదిరినచోట మెట్లు."

"అంతేనా?"

"అంతే."

అతనికి చాలా నిరాశ కలిగింది. పూర్తిగా మానేసిన మహాత్ముడు కావచ్చు, పూర్తిగా తెగించినవాడూ కావచ్చు. రెండింట్లోనూ గొప్ప ఉంది. వారానికోసారి చిన్నది తినేవాడిలో గొప్పేముంది? ఎవరితో చెప్పుకుంటాడు?

చెప్పుకోవడానికేమీ లేకపోయినా చేశాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోనొస్తే, "పావుగంటలో వస్తున్నా, లోపల గాలి ఆడుతోంది కదా?" అని అడిగి, వ్యాన్ పక్కకి ఆపి డబ్బా మూత తీసేవాడు. పావుగంటలో ఎవరూ చచ్చిపోలేదు. ఇరవై రెండేళ్లుగా తను అక్కడుంటే తప్ప లోకం నడవదనుకున్న మనిషికి ఇదీ ఒక దెబ్బే.

నాలుగు నెలలు నిండిన రోజు సూపర్‌వైజర్ తూకం వేశాడు. తొంభై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. పనిముట్లతో కలిపి వందకి నాలుగు వందల గ్రాములు ఎక్కువ. సూపర్‌వైజర్ మళ్లీ కాలిక్యులేటర్ తీసి, చూసి, జేబులో పెట్టుకున్నాడు.

"ఆ పెద్ద రెంచి ఎప్పుడైనా వాడావా?"

"ఆరేళ్లయింది."

"తీసి వ్యాన్లో పెట్టు."

ఆ శనివారం మధ్యాహ్నం మొగుడూ పెళ్లాలిద్దరూ గ్రంథాలయం దగ్గరి బర్గర్ షాపుకి వెళ్లారు. అతను మొదటిసారి కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో పట్టుకుని, ఎదుట ఏ స్టీరింగూ లేకుండా తిన్నాడు. సగం అయ్యాక నమలడం ఆపాడు.

"ఇందులో ఉప్పు ఎక్కువ. బన్ను తియ్యగా ఉంది," అన్నాడు.

"ఇన్నేళ్లూ తెలియలేదా?" అంది భార్య.

"రుచి చూసే టైమెక్కడిది?"

మిగతా సగం మెల్లగా తిన్నాడు. బాగానే ఉంది, అంతే, అన్నాడు. ఆవిడ చివరి ఫ్రై ముక్క అతని వైపు జరిపింది. వద్దనలేదు, తీసుకున్నాడు.