అతుకు కనపడని పని

మా నాన్నని ఎవరైనా పొగిడితే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. పొగిడించుకున్న రోజు ఇంటికొచ్చి మా మీద నాలుగు కేకలు ఎక్కువ వేసేవాడు మరి. ఆయన డెంటింగ్ మేస్త్రి. గుద్దుకుని నుజ్జయిపోయిన కారు రేకుకి వెనక ఇనప దిమ్మ ఆనించి, ముందు సుత్తితో కొట్టి కొట్టి, కంపెనీలో పుట్టినప్పటి ఒంపుకి తేవడం ఆయన పని. కళ్లు మూసుకుని రేకు మీద అరచేత్తో రాస్తాడు. వెంట్రుకవాసి ఎత్తు ఉన్నా చేయి అక్కడే ఆగుతుంది. మా అమ్మ బతికున్నప్పుడు గిన్నెకి సొట్ట పడితే గబగబా దాచేసేది. ఈయన కంట పడితే కంచం ముందు నుంచి లేచిపోయి, గిన్నె బాగుపడేదాకా మళ్లీ ముద్ద ముట్టడు.

పుట్టీ పూసి మాయ చేసేవాళ్లంటే ఆయనకి గిట్టదు. "వాడు మేస్త్రి కాదు, మేకప్‌మన్" అంటాడు. పల్లం నింపాల్సిన చోట సీసం కరిగించి, నూనె రాసిన చెక్కతో వెన్న పూసినట్టు సర్దుతాడు. చల్లారాక ఆకురాయితో రుద్దితే అక్కడ అతుకుందని బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఇంకో పిచ్చి కూడా ఉంది. ఏ రేకు ముక్క కోసినా మూలలు గుండ్రంగా కోస్తాడు. మూల వదిలితే చిరుగు అక్కడే మొదలవుతుందట. మా వంటింటి అలమారలో ఆయన చేసిపెట్టిన అరలకి ఒక్క మూల ఉండదు. నా స్కూలు పుస్తకాల అట్టల మూలలు కూడా కత్తెర లాక్కుని గుండ్రంగా కోసేశాడు. క్లాసంతా నవ్వింది, నేను ఇంటికొచ్చి ఏడ్చాను.

మా ఆయన ఒకప్పుడు ఆయన శిష్యుడే. రేకు పని ఒంటబట్టక ఇంజన్ల వైపు పోయాడు. మా కార్ల షెడ్డులో నాన్నని "మేస్త్రిగారూ" అంటాడు, భోజనాల దగ్గర "మామయ్యా" అంటాడు. తిట్లు మాత్రం రెండు చోట్లా ఒకటే. నేను సీట్లు కుడతాను. చేయి వణకడం మొదలయ్యాక నాన్న సుత్తి కింద పెట్టి, షెడ్డు తలుపు పక్కన ఒక పాత కారు సీటు వేయించుకుని, అక్కడ కూర్చుని మా అందరి పనికీ వంకలు పెడుతుండేవాడు.

ఒక డెంటిస్టు మా షెడ్డుకి వచ్చింది అలాంటి రోజుల్లోనే. రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు తోలుకుని వచ్చింది. ఎర్ర రంగు వెలిసిపోయినా చూస్తూ ఉండబుద్ధేసే బండి. ఊరి బయట రేసు ట్రాకులో ఆదివారాలు ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని తోలుకోనిస్తారు. అక్కడ తోలడానికి దీన్లో ఈ కాలం ఇంజన్ పెట్టించాలి, దాని జోరు పెంచే టర్బో తగిలించాలి, పెద్ద బ్రేకులు వేయించాలి. అదీ ఆవిడ ముచ్చట.

"మీరు డెంటరు, నేను డెంటిస్టుని. ఇద్దరిదీ ఒకటే పని బాబాయిగారూ, పుచ్చిన చోట గీకి నింపడమే" అంది వస్తూనే.

ఇలాంటి మాటకి పడీ పడీ నవ్వే మా నాన్న ఆ రోజు నవ్వలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు అద్దం పక్కన కప్పుని మోసే స్తంభం ఉంటుంది కదా, దాని మీద అరచేయి పెట్టి వెంటనే తీసేశాడు.

"దీనికి కొత్త ఇంజనెందుకమ్మా? ఉన్నదే బాగుచేయించుకుని మెల్లగా తిప్పుకో" అన్నాడు.

"మెల్లగా తిరగడానికి నాకు స్కూటర్ ఉందండీ" అంది ఆవిడ.

అప్పట్నుంచి నాన్న వంకలు మొదలుపెట్టాడు. కొత్త ఇంజన్ బరువెక్కువ అన్నాడు. వానలో జారుతుందన్నాడు. ఆడపిల్లకి అంత స్పీడెందుకన్నాడు. ఆ మాటతో నాకు తిక్క రేగి, "యాక్సిలరేటర్‌కి తెలుస్తుందా నాన్నా, తొక్కేది ఆడకాలో మగకాలో?" అని గట్టిగానే అరిచాను. ముసలాయన చాదస్తం అనుకున్నాం. మా ఆయన ఇంజన్ దింపాడు, కొత్తది పెట్టాడు. నేను ముందు సీట్లతో పాటు వెనకనున్న చిన్న సీటు కూడా మంచి తోలుతో కుట్టాను. స్టార్ట్ చేసిన రోజున షెడ్డు రేకులు గడగడలాడాయి. డెంటిస్టు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నాన్న లేచి ఇంట్లోకి వెళ్లిపోయాడు.

"కొన్నాళ్లు రోడ్డు మీద తోలి చూడండి, ఏ చిన్న శబ్దం వచ్చినా తీసుకురండి. అది చూశాకే ట్రాకు" అని మా ఆయన చెప్పి పంపాడు. కొన్నాళ్లకి, వచ్చే ఆదివారం ట్రాకుకి పోదామనుకుంటూ, ముందుగా చూపించడానికి బండి తెచ్చింది. పక్క సీటు తలుపు పట్టేస్తోందట. గట్టిగా తొక్కి తోలాక తెరుచుకోవట్లేదట. ఇంజన్ మాత్రం అద్భుతం అని మా ఆయన్ని మెచ్చుకుని, కారు వదిలేసి క్లినిక్‌కి వెళ్లిపోయింది.

తలుపు బందులు సర్దితే సరిపోతుందనుకున్నాం. మా ఆయన కారుని లిఫ్టు మీద పైకెత్తాడు. చక్రాలు నేల వదలగానే తలుపు పైసందు వేలు దూరేంత తెరుచుకుంది, కిందసందు మూసుకుపోయింది. కారన్నది అలా వంగకూడదు. అతని మొహం మారిపోయింది.

ఈ రకం కార్లకి కింద వేరే చట్రం ఉండదు. నేల, తలుపు కింద గుమ్మాలు, స్తంభాలు, కప్పు అన్నీ కలిసి ఒకటే పెట్టె. ఆ పెట్టె గట్టిదనమే కారు ప్రాణం. మా ఆయన గుమ్మం అడుగున మందంగా ఉన్న నల్ల పూత గీకడానికి గ్యాసు మంట చూపించాడు. పూత కరిగింది. ఆ వెనకే టప్, టప్ అంటూ తెల్లటి చుక్కలు నేల మీద పడసాగాయి.

"సీసం!" అన్నాడు. "గుమ్మంలో సీసమేంటి?"

మంట జరుపుతూ పోయాడు. సీసం కారుతూనే ఉంది. దాని కింద నుంచి అతుకు గీత ఒకటి బయటపడింది. ఈ గుమ్మం నుంచి నేల అడ్డంగా ఆ గుమ్మం దాకా. లోపల తివాచీ లాగేశాం, అక్కడా అదే గీత. అద్దం పక్క స్తంభాలు రెండూ గీకాం, అక్కడా అదే. ఎర్ర రంగు కింద, గీతకి ముందు వైపు నీలం, వెనక వైపు తెలుపు. ముందు సగం ఒక కారు, వెనక సగం ఇంకో కారు. ఎవరో రెండింటినీ నడుం దగ్గర నరికి ఒకటిగా అతికారు. ఇన్నాళ్లూ ఆగిన ఆ వెల్డింగు కొత్త ఇంజన్ లాగుడికి ఒక పక్క సగం దాకా చీలిపోయి ఉంది.

"అయ్యో అయ్యో, ఎవడు వాడు? మనిషేనా వాడు? ఎవరి ఉసురు పోసుకుందామని!" నేను నోటికొచ్చినట్టు తిడుతూనే ఉన్నాను. మా ఆయన టార్చి నా చేతికిచ్చాడు. చీలికలోంచి లోపలికి వెలుగు వేశాను. అతుకుకి వెనక నుంచి బలం కోసం రేకు పట్టీలు వేసి ఉన్నాయి. ప్రతి పట్టీకీ మూలలు గుండ్రంగా కోసి ఉన్నాయి.

టార్చి ఆర్పేశాను. ఆర్పితే అది లేకుండా పోతుందా? మళ్లీ వేశాను. అదే.

"నాన్నా, ఇటు రా."

"మోకాళ్లు పట్టేశాయే."

"రా అన్నానా?"

వచ్చాడు. కారు కిందికి తొంగి చూడలేదు. నేల మీద గడ్డకట్టిన చుక్కలు చూశాడు. "మంట చూపించారా?" అన్నాడు.

"ఈ పని ఎవరిది మేస్త్రిగారూ?" మా ఆయన అడిగాడు.

"నాకేం తెలుసు? ఊళ్లో మేస్త్రులకేం కరువు?"

"మూలలు గుండ్రంగా కోసే మేస్త్రి ఎవరు?"

అల్లుడయ్యాక మానేసిన పిలుపు నాన్న నోట మళ్లీ బయటికొచ్చింది. "ఒరేయ్, ఇంజన్ పెట్టేటప్పుడు ఎన్నాళ్లు దీని కింద దొర్లావు? కనపడిందా నీకు? మంట పెడితే గానీ కనపడలేదు కదా?"

ఆ గొంతులో ఉన్నది భయం కాదు, గర్వం! ఎవరో చెంప మీద కొట్టినట్టయింది నాకు. నోరు పెగల్లేదు. నాకు! ఈ వీధిలో నా నోటికి జడవని వాళ్లు లేరు.

ఆయనే చెప్పుకుపోయాడు. "ఆ రోజుల్లో ఒక బ్రోకరు ముందు నలిగింది ఒకటి, వెనక నలిగింది ఒకటి తెచ్చిపడేసేవాడు. రెండు చచ్చిన బండ్లు తెస్తే ఒక బతికిన బండి చేసిచ్చాం. అందరూ చేశారే. వాళ్లు అడ్డదిడ్డంగా చేశారు, నేను పద్ధతిగా చేశాను. నా అతుకు కంపెనీ అతుకుకన్నా గట్టిది. మీరే ఆ రాక్షసి ఇంజన్ పెట్టి చీల్చారు. నేను వద్దన్నానా లేదా?"

"వద్దన్నావు. ఎందుకు వద్దో చెప్పావా?"

"చెబితే ఈ షెడ్డు గడప ఎవడు తొక్కుతాడే?"

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి నాన్నా రోడ్డు మీద?"

"లెక్కెవడు పెట్టుకున్నాడు?" అన్నాడు, ఇన్నేళ్లలో ఎన్ని మేకులు కొట్టావని అడిగినట్టు.

మా ఆయన చీలికనే చూస్తున్నాడు. "ఆదివారం ట్రాకు మీద, ఆ స్పీడులో, మలుపు తిరిగేటప్పుడు గనక..." అని ఆగిపోయాడు.

"ఆవిడకి చెప్పకండి. నేను దగ్గర కూర్చుని చెబుతా, మళ్లీ అతికేద్దాం. కాకి కూడా కనిపెట్టలేదు" అన్నాడు నాన్న.

ఫోన్ తీశాను. తీసి ఆగాను, అబద్ధమెందుకు? ఈ షెడ్డుకి వచ్చేవాళ్లు ఆయన చేతి మీద నమ్మకంతోనే వస్తారు. మా తిండి ఆ నమ్మకంలోంచే వస్తోంది. అయినా ఆవిడ చప్పట్లు కొట్టడం కళ్లముందు మెదిలింది. నంబరు నొక్కాను.

తెల్లకోటుతోనే పరిగెత్తుకొచ్చింది డెంటిస్టు. మాస్కు ఇంకా గడ్డం కింద వేలాడుతోంది. లిఫ్టు కింద నిలబడి ఆ గీత వెంట ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. చీలికలో గోరు పెట్టింది. గోరు లోపలికి పోయింది.

"మొన్న పిల్లలిద్దర్నీ వెనక కూర్చోబెట్టుకుని హైవే మీద వెళ్లానక్కా" అంది. "'ఇంకా స్పీడు, ఇంకా స్పీడు' అని వాళ్లు అరుస్తుంటే తొక్కాను."

ఆ వెనక సీటు నేను కుట్టిందే. ఆవిడ కూర్చుంది ఒక కార్లో, ఆవిడ పిల్లలు కూర్చుంది ఇంకో కార్లో. మధ్యలో మా నాన్న అతుకు.

నాన్న దగ్గరికొచ్చాడు. "భయపడకు తల్లీ. ఏమీ అయ్యేది కాదు. అది నా చేత్తో చేసిన పని, అంత తేలిగ్గా విడిపోదు" అన్నాడు.

"మీరా చేసింది?" ఆవిడ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఎవరు చేశారో ఫోన్లో చెప్పలేకపోయాను.

"తెలిసి కూడా నన్ను తోలనిచ్చారా బాబాయిగారూ?"

"ఏమీ కాదని తెలుసు కాబట్టే ఊరుకున్నానమ్మా. ఎక్కేది రాజైనా, కూలివాడైనా నా పని నా పనే. తేడా చేసి ఎరగను. కావాలంటే ఒట్టు."

ఆయన అలా అంటుంటే, నిజం చెప్పొద్దూ, నాకు కాస్త ప్రాణం కుదుటపడింది. పిచ్చి మనిషి, నిజంగానే గట్టిదని నమ్మి చేశాడు, తప్పు చేస్తున్నానని ఎరగడు అనుకున్నాను. డెంటిస్టుని ఇంటి దగ్గర దింపుతానని బయటికి తీసుకొచ్చాను.

బయట నా చిన్న కారు ఉంది. ఆవిడ తలుపు పిడి మీద చేయి వేసి ఆగింది.

"అక్కా, ఇది ఎవరు బాగుచేశారు?"

తాళంచెవి నా చేతిలోనే ఉండిపోయింది. ఎక్కడో గుద్దుకున్న బండిని తెచ్చి, నెలల తరబడి కూర్చుని బాగుచేసి నాన్నే నాకిచ్చాడు. నా పిల్లలు అందులోనే స్కూలుకెళ్లి పెద్దవాళ్లయ్యారు. ఇంతసేపటి నుంచీ ఆ ఆలోచనే నాకు రాలేదు! వెనక్కి తిరిగితే నాన్న షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నాన్నా! నాది కూడానా?"

"ఛీ ఛీ, అవేం మాటలే!" నిజంగా నొచ్చుకున్నాడు ఆయన. "నీది ఒకే బండి తల్లీ. నడుం దాకా దెబ్బ తగలని దాన్ని ఏరి ఏరి తెచ్చాను. నా కూతురెక్కే బండికి అట్లాంటి పని చేస్తానా? కడుపుకి అన్నమే తింటున్నానా నేను?"

డెంటిస్టు చేయి తలుపు పిడి మీద నుంచి జారింది. ఆవిడ నా కారు ఎక్కలేదు. తెల్లకోటు విప్పి చేతి మీద వేసుకుని, రోడ్డు పక్కగా నడిచి వెళ్లిపోయింది.

నేను నాన్ననే చూస్తున్నాను.

"ఏంటే అట్లా చూస్తావు? నీ బండి మంచిదేనని చెప్తున్నాగా?" అన్నాడు నాన్న.

"చెప్పావు నాన్నా" అన్నాను. "ఆవిడ కూడా విన్నది."

ఆయన రోడ్డు వైపు చూశాడు. ఇందాక తను అన్నది ఏమిటో అప్పుడు ఆయనకే వినపడినట్టుంది. మొహంలో నెత్తురుచుక్క లేదు.