మరవ మీద ఇసుక సంచులు

మా ఊరు సోమందేపల్లికీ పెనుకొండకూ మధ్య, ఒక చెరువు కట్ట కింద ఉంటుంది. చెరువును కనిపెట్టుకుని ఉండటానికే మా పెద్దలకు ఇక్కడ ఇళ్ల జాగాలిచ్చారట. తూము తెరిచేది ఒక ఇల్లు, కట్ట మీద మొలిచిన చెట్లు పీకేది ఒక ఇల్లు, గండి పడితే మట్టి మోసేది అందరూ. మా ఊరి చరిత్ర ఇంతే. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి, ఇంతకంటే సాగదీయడం నాకు రాదు.

తర్వాత వానలు కూడా నాలాగే మానేశాయి. చెరువు ఎండింది. మగవాళ్లు హిందూపురం ఫ్యాక్టరీలకు బస్సెక్కారు, నేను ఆటో కొన్నాను. చెరువులో క్రికెట్ ఆడుతూ పెరిగిన మా పిల్లలు నీళ్లున్న చెరువును టీవీలోనే చూశారు.

ఆ మధ్య ఒక ఏడాది వానలు దంచికొట్టాయి. చెరువు నిండింది. నిండాక మిగిలిన నీళ్లు బయటికి పారే రాతి కట్టడాన్ని మరవ అంటాం. నీళ్లు దాని అంచుకు వచ్చేసరికి మాకు ప్రాణం ఉసూరుమంది. ఇన్నేళ్లకు వచ్చిన నీళ్లు కళ్ల ముందే పక్క ఊరి పాలు కావాలా? "ఒక్క బొట్టు పోనీకండప్పా!" అని అరిచింది నేనే. మరవ మీద రెండు వరసల ఇసుక సంచులు పేర్పించిందీ నేనే. ఆ రోజుకు ఊరికి ఇంజనీరును నేను.

మర్నాడు పొద్దున మా పెరట్లో, కట్ట మొదట్లో, నీళ్లు ఊరుతున్నాయి. మా ఆవిడ పిలిచి చూపించింది.

"మంచిదేలే, బట్టలుతికేకి యాడికీ పోయే పన్లేదు," అన్నాను.

ఆమె నవ్వలేదు. పోయి తూము ఇంటి అవ్వను పిలుచుకొచ్చింది. తూము తెరిచే ఇంట్లో ఇప్పుడు మిగిలింది ఆ అవ్వ ఒక్కతే. ఆమె ఒక స్టీలు గ్లాసు అడిగి, ఊరుతున్న నీళ్లు పట్టి, మా గడప మీద పెట్టి పక్కనే కూర్చుంది.

"ఏమవ్వా, దాంట్లో చక్కెర ఎయ్యాల్నా?"

"నోరు మూసుకోని గ్లాసు సూడు."

కాసేపటికి గ్లాసు అడుగున ఎర్రమట్టి పేరుకుంది.

"తేట నీళ్లయితే భయం లేదు. మట్టితో వస్తాండాయంటే కట్ట లోపల కరిగిపోతాండాది," అంది అవ్వ. "మరవ మింద సంచులు పెట్టినోడు ఎవుర్రా?"

మా ఆవిడ వేలు పెట్టి నన్ను చూపించింది.

"ఏం తెలివప్పా నీది! చెరువు మోసేంత మోస్తాది. నీ ఆటో మాదిరి, పదిమందిని కుక్కితే యాడ మోస్తాది?"

కట్ట తెగితే మొదట పోయేది మా ఇల్లే. పిల్లలను, టీవీని, కోళ్లను ఆటోలో వేసుకుని గుట్ట మీది బడి దగ్గర ఆపి, మరవకు పరుగెత్తాను. అక్కడ మా పక్కింటి వేరుశనగ రైతు సంచుల మీద కూర్చుని లేవడు.

"పెట్టమనింది నువ్వే, తియ్యమనేది నువ్వేనా? నా చెనిక్కాయలకు నీళ్లు యాడ తెస్తావబ్బా?"

"కట్ట తెగితే నీ చెనిక్కాయలూ మా ఇల్లూ కలిసి ధర్మవరం పోతాయి. లెయ్యి మామా!"

లేచాడు. లేచి, నాకంటే ఎక్కువ సంచులు అతనే లాగాడు. ఊరంతా వచ్చి చెయ్యి వేసింది. నీళ్లు మరవ దాటి దూకుతుంటే, అంత కష్టపడి దాచుకున్న నీళ్లు పోతున్నందుకు అందరం ఈలలు వేశాం.

మధ్యాహ్నం అవ్వ పట్టిన గ్లాసులో మట్టి తగ్గింది. సాయంత్రం పట్టినదాంట్లో ఏమీ లేదు. వెలుతురుకు ఎత్తి చూసి, నీళ్లు పారబోసి, గ్లాసు మా ఆవిడ చేతికిచ్చింది.

"కడుక్కోమ్మా," అంది, అంతే.

అప్పుడు గుట్ట మీది బడికి నడిచాను.

చీకటి పడకముందే ఆటో ఇంటికి తెచ్చాను. పిల్లలు దిగారు, టీవీ దిగింది. కోళ్లు మాత్రం సీటు కిందికి దూరి, ఎంత అదిలించినా రాలేదు.

"ఉండనీలే," అంది మా ఆవిడ, పొద్దున్నుంచీ మొదటిసారి నవ్వుతూ. "వాటికి నీ మింద ఇంకా నమ్మకం కుదరలేదు."