శౌరయ్య అడిగిన మాట

కిరసనాయిలు స్టవ్ వెలిగించేటప్పుడు జోజమ్మ మొహం పక్కకు తిప్పుకునేది. అగ్గిపుల్ల గీసి, వత్తికి తగిలించి, గోడకేసి చూస్తూ గిన్నె పెట్టేది. మొగుడు శౌరయ్య పోయినప్పటినుంచీ ఆమె మంటను తిన్నగా చూడలేకపోయేది. ఇంతకంటే పెద్ద మంటలో ఆయన ఉన్నాడని ఆమె భయం.

రాయపురంలో చేపల రేవుకు వెనకవైపు సందులో వాళ్ల ఇల్లు. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన కతోలిక కుటుంబాలు ఆ సందులో నాలుగైదు ఉండేవి. ఇంట్లో తెలుగు, గుడిలో అరవం. ఊరికి చెన్నై అని పేరు మార్చి ఏడాది దాటినా వాళ్ల నోట మద్రాసే. జోజమ్మ ఆ సందులోనే పుట్టింది, ఐదో తరగతితో బడి మానింది, నాలుగిళ్ల అవతలికే కాపురానికి వచ్చింది. పిల్లలు కలగలేదు. శౌరయ్య హార్బరులో మూటలు మోసేవాడు. గట్టి మనిషి, కోపిష్టి. ఆదివారం పూజకు తీసుకుపోతే గుడి బయట బీడీ కాలుస్తూ నిలబడే రకం. ఆయన తల్లి ఇన్నాసమ్మను మాత్రం చేతిలో జపమాల లేకుండా ఎవరూ చూసి ఎరగరు.

శౌరయ్యకు పచ్చకామెర్లు ముదిరాయి. పెద్దాసుపత్రిలో పది రోజులు ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒక మంగళవారం మధ్యాహ్నం ఇన్నాసమ్మ గుడికి పోయింది. అప్పుడు ఆయన కళ్లు తెరిచి, "మే, ఫాదర్‌ని పిలువు" అన్నాడు.

ఆ సందులో ఆడవాళ్లకు ఒక భయం ఉండేది. చావుబతుకుల్లో ఉన్న మనిషి దగ్గరికి ఫాదర్ వచ్చి, పాపాలు విని, నొసటికీ అరచేతులకూ పవిత్ర తైలం పూస్తారు. అవస్థ అభ్యంగనం అంటారు దాన్ని. ఆ తైలం రోగికి బలం ఇవ్వడానికేనని చిన్నప్పుడు జ్ఞానోపదేశం తరగతిలో అందరూ నేర్చుకున్నదే. కానీ జబ్బు పూర్తిగా ముదిరాకే పిలిచేవాళ్లు కాబట్టి, ఆ నూనె పూయించుకున్నవాళ్లు లేచి తిరగడం ఎవరూ చూడలేదు. ఫాదర్ గడప తొక్కితే ఇక అంతే అనుకునేవాళ్లు. జోజమ్మా అలాగే అనుకుంది.

"నీకేం కాలేదు మామా. సుమ్మా పండుకో. గంజి కాస్తా ఉండా" అంది.

ఆయన ఇంకోసారి అడిగాడు. ఆమె వినపడనట్టు వంటింట్లోకి పోయింది. గంజి చల్లార్చి తెచ్చేసరికి శౌరయ్య లేడు.

గుడి నుంచి వచ్చిన ఇన్నాసమ్మ కొడుకు మొహం మీద చెయ్యి పెట్టి చూసి, ముందుగా అడిగింది ఒక్కటే. "ఫాదర్‌ని అడిగినాడా?"

"లేదత్తా. నోట మాటే రాలా. అట్టే పోయినాడు."

ఎందుకలా అందో జోజమ్మకే తెలియదు. భయంలో నోట్లోంచి ఊడిపడింది. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే చెప్పింది.

నెల మాసికం పూజ అయిన రోజు ఇన్నాసమ్మ కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. "వాడు ఉత్తరించు స్థలంలో ఉంటాడు మే. మోక్షానికి పోయే ముందర ఆడ కాలి శుద్ధి కావాల. ఆడుండే ఆత్మ తనకు తాను ఏమీ చేసుకోలేదు. ఈడ మనం చేసే జపం, దయాకార్యం, అవే వాడికి చల్లన. ఆకలన్నవాడికి పెట్టు, దప్పికన్నవాడికి పొయ్యి, దిక్కులేనోళ్ల పక్కన కూర్చో. అంతా వాడి పేరు మీద చెయ్యి."

జోజమ్మ చేసింది. ఎండల్లో రేవు దారి పక్కన కుండ పెట్టి బండ్లు లాగేవాళ్లకు మజ్జిగ పోసింది. చూడటానికి ఎవరూ రాని రోగుల కోసం పెద్దాసుపత్రికి గంజి మోసింది. కాలి పుండులో పురుగులు పట్టిన ఒక ముసలాయనకు కళ్లు మూసుకుని కట్టు కట్టింది. ఒకసారి గుడి మెట్ల మీద చనిపోయిన బిచ్చగత్తెకు స్నానం చేయించడానికి ఎవరూ ముందుకు రాకపోతే తనే చేయించింది. ఆ చల్లటి చేతులు పట్టుకున్నాక రెండు రోజులు అన్నం దిగలేదు. పని ఏదైనా, అయిపోగానే "ఇది శౌరయ్యకు" అని పెదాల కదలికతో చెప్పుకునేది.

ఎదురింట్లో చేపలమ్మే కాళియమ్మ ఊరుకునేది కాదు. "ఏం మే జోజమ్మా, మొగుడు పోయినాక గూడా ఆయన చాకిరీ తప్పలేదే నీకు! నన్ను చూడు, మా ఆయన పోయినాక హాయిగా ఉండా."

"మీ ఆయన యాడ పోయినాడక్కా? బ్రాందీ అంగడి కాడ ఉండాడు గదా."

"అదేనే, నాకు పోయినట్టే!"

ఆ నవ్వు ఇంట్లోకి వచ్చేసరికి ఆరిపోయేది. గుడిలో ఒక పక్క గోడకు ఉత్తరించు స్థలం పటం ఉండేది. నడుము దాకా మంటల్లో మునిగిన మనుషులు చేతులు పైకెత్తి ఉంటారు. అందులో ఒకడి నోరు ఏదో అడుగుతున్నట్టు తెరుచుకుని ఉంటుంది. జోజమ్మ ఆ పక్కకు కూర్చోవడం మానుకుంది. ఏడాదిగా పాపసంకీర్తనానికీ, అంటే ఫాదర్‌తో పాపాలు చెప్పుకోవడానికీ, పోలేదు. పోతే ఆ అబద్ధం సంగతి ఒప్పుకోవాలి. తెర అవతల ఉన్న ఫాదర్ తన గొంతు గుర్తుపడతారు. పోకపోతే, ఇంత పాపం లోపల పెట్టుకుని పోసిన మజ్జిగ ఆయన దాకా చేరుతుందా? గంజి చేరుతుందా? ఎవరినీ అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతారు. అత్త "నీలాంటి కోడలు ఎవరికి దొరుకుతాదే" అన్నప్పుడల్లా జోజమ్మ ఏదో పని ఉన్నట్టు లేచి వంటింట్లోకి పోయేది.

మరుసటి ఏడు నవంబరులో, పోయినవాళ్లను తలుచుకునే ఆత్మల పండుగ అయిన వారానికి, పక్కింటి చిన్నప్ప మంచం పట్టాడు. వలలు అల్లే మనిషి. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు, ఇంటికి పంపేశారు. ఆయన పెళ్లాం తంగమ్మ తోడు కోసం అత్తాకోడళ్లను పిలిచింది. పొద్దున్నుంచీ ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఇన్నాసమ్మ చాప మీద కూర్చుని జపమాల తిప్పుతోంది. జోజమ్మ విసనకర్ర విసురుతోంది.

పన్నెండు దాటాక చిన్నప్ప వేళ్లు కదిలాయి. "ఫాదర్..." అన్నాడు.

తంగమ్మ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "ఏం వద్దు. ఫాదర్‌ని చూస్తే ఉన్న ఊపిరీ పోతాది నీకు. నీకేం కాలేదు మామా. సుమ్మా పండుకో."

జోజమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. తన మాటే. ఒక్క అక్షరం తేడా లేదు.

"పిలిపీ తంగం. అడిగే నోరు ఉండగానే పిలవాల" అంది ఇన్నాసమ్మ.

"మీ శౌరయ్యకి పిలిచినారా పెద్దమ్మా? నాకు చెప్పొచ్చినావు!"

"వాడికి అడిగే వేళ దొరకలా. అడిగుంటే నా కోడలు ఆగుండేదా? చెప్పు మే."

ఇద్దరూ జోజమ్మ వైపు చూశారు. చెబితే అత్త ఇంట్లోంచి గెంటేస్తుంది, సందంతా ఉమ్మేస్తుంది. చెప్పకపోతే ఈయన కూడా అడిగి అడిగి పోతాడు. అప్పుడు ఆ మంటల్లోంచి పిలిచేవాళ్లు ఇద్దరవుతారు. చిన్నప్ప వేళ్లు దుప్పటి మీద ఇంకా కదులుతూనే ఉన్నాయి.

"అడిగినాడత్తా" అంది జోజమ్మ. "రెండు తూర్లు అడిగినాడు. నేనే పిలవలా. పిలిస్తే చచ్చిపోతాడని భయపడినా. పిలవకపోయినా పోయినాడు గదా. నీకు అబద్ధం చెప్పినా. తంగమక్కా, నీ కాళ్లు మొక్కుతా, నాలాగా చేయబాకు."

జపమాల పూసల చప్పుడు ఆగిపోయింది. తంగమ్మ మొగుడి మొహం చూసింది.

"పో మే. పరిగెత్తు" అంది తంగమ్మ.

చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి జోజమ్మ గుడికి పరిగెత్తింది. అన్నం ముందు కూర్చున్న ఫాదర్ చెయ్యి కడుక్కుని వెంట వచ్చారు. తలుపు దగ్గరగా వేసి పావుగంట చిన్నప్ప చెప్పుకున్నది విన్నారు, తైలం పూశారు, సత్ప్రసాదం ఇచ్చారు. చిన్నప్ప చచ్చిపోలేదు. సాయంత్రం కాఫీ అడిగి, చక్కెర చాల్లేదని తంగమ్మను తిట్టాడు కూడా. ఇంకో పదకొండు రోజులు బతికి, నిద్రలో వెళ్లిపోయాడు.

ఇన్నాసమ్మ మాత్రం ఆ మధ్యాహ్నం నుంచి కోడలితో మాట్లాడలేదు. పెడితే తినేది, పళ్లెం పక్కకు జరిపేది. మూడు రోజులు. గెంటేస్తే ఎక్కడికి పోవాలా అని జోజమ్మ లోపల్లోపల దిక్కులు వెతుక్కుంది. కన్నవాళ్లు ఎప్పుడో పోయారు.

నాలుగో రోజు పొద్దున చేటలో బియ్యం ఏరుతూ ముసలామె తల ఎత్తకుండానే అడిగింది. "ఏమన్నాడు? వాడన్న మాట అన్నట్టే చెప్పు."

"మే, ఫాదర్‌ని పిలువు అన్నాడు."

"రెండో తూరి?"

"నేను చెప్పుకోవాల జోజీ, పిలువు అన్నాడు."

చేట ఒళ్లోంచి జారి బియ్యం నేలంతా చిందాయి. ఇన్నాసమ్మ లేచి వచ్చి కోడలి వీపు మీద రెండు దెబ్బలు వేసింది. మూడో దెబ్బకు ఎత్తిన చెయ్యి అలాగే కోడలి భుజం మీద వాలిపోయింది.

"పాపీ! ఏడాదిగా నేనేం అనుకుంటా ఉండానో తెలుసునా నీకు? దేవుడి పేరెత్తకుండా పోయినాడు నా బిడ్డ, ఉత్తరించు స్థలమన్నా దక్కిందో లేదో, తిన్నగా నరకానికే పోయినాడో అని, నీకు ధైర్యం చెప్పేసి పెరట్లోకి పోయి ఏడ్చేదాన్నే! నరకంలో ఉండేవాడికి ఎన్ని కుండల మజ్జిగ పోసినా ఏం లాభమే?"

జోజమ్మ బిత్తరపోయి చూసింది. ఆ భయం అత్తకు ఉంటుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు. తను దాచింది తన తప్పు ఒక్కటే అనుకుంది. కొడుకు ఆఖరి మాట కూడా ఆ తల్లికి దక్కకుండా దాచింది.

"చెప్పుకోవాల అన్నాడు గదా. మనసు కరిగినట్టే గదా. అయితే నరకంలో లేడు, ఉత్తరించు స్థలంలోనే ఉండాడు. ఆ మంటలోనే ఉండాడు నా బిడ్డ. తల్లీ, మరియ తల్లీ!" అని ముసలామె రెండు చేతులూ జోడించింది. కొడుకు మంటలో ఉన్నాడని తల్లి దండం పెట్టడం చూసి జోజమ్మకు ఒళ్లు జలదరించింది.

కళ్లు తుడుచుకుని ఇన్నాసమ్మ నేల మీది బియ్యం ఎత్తసాగింది. "పనులు ఆపబాకు. వాడి బాకీ ఇంకా తీరలా. నువ్వు చేసింది మాత్రం నువ్వు చెప్పుకోవాల. శనివారం పోతా ఉండాం."

శనివారం సాయంత్రం గుడిలో పాపసంకీర్తనానికి వరుస కట్టారు. జోజమ్మకు ముందు ఇద్దరు ఆడవాళ్లు. తెర అవతల దగ్గు వినపడింది. చిన్నప్ప దగ్గరికి వచ్చిన ఆ ఫాదరే. అరచేతుల చెమట చీరకు తుడుచుకుని, ఈ పొద్దుకు వద్దు, పై వారం వస్తానని చెబుదామని ఆమె వెనక్కి తిరగబోయింది. చీర బిగిసింది. వెనక నిలబడ్డ ఇన్నాసమ్మ కోడలి కొంగును పిడికిలికి రెండు చుట్లు చుట్టుకుని, కళ్లు మూసుకుని జపం చెప్పుకుంటోంది.

ముందున్న రెండో ఆమె కూడా లేచి వెళ్లింది.

"పో" అని కొంగు వదిలింది ముసలామె.