సున్న ఖర్చు శుక్రవారం

మేం పనికి వలసొచ్చిన ఈ దీవిలో, మనామా పాత బజారు వెనక సందులో మా గది ఉన్న రోజుల్లో, కొత్త నియమం ఏది పెట్టాలన్నా దానికయ్యే ఖర్చు ముందు తేలాలి, చేతులెత్తడం తరవాత. ఇప్పుడు నాతో ఉంటున్న కుర్రాళ్ళు ముందు చేతులెత్తుతారు, నెలాఖరుకు ఫోనులో వాటాలు చూసి నెత్తి పట్టుకుంటారు. (ఏమన్నా చెప్పబోతే "తాతా, నీకు దెల్వదు" అంటారు. నాకు తెలియదట!) పెద్ద పెద్ద దేశాల్లో చట్టం చేసే ముందు అది ఖజానాకు ఎంత బరువో లెక్కగట్టడానికి ప్రత్యేకంగా మనుషులుంటారు. ఈ సంగతి నాకు ఏ కాలేజీ చెప్పలేదు. ఏడో తరగతితోనే నా బడి ఖలాస్. ఇంటి నుంచి వచ్చిన ఎండుమిరపకాయల పొట్లం విప్పితే ఆ పేపరు ముక్కలో కనబడింది. వార్త సగమే ఉంది, మిగతా సగం నేనే ఊహించుకున్నాను. ఆ రోజు నుంచి గదిలో ఏ ప్రతిపాదన వచ్చినా అంచనా వేసే పని నా మీద వేసుకున్నాను. ఎవరూ వెయ్యమనలేదు. వాళ్ళు నాకు పెట్టిన పేరు మాత్రం 'మంత్రి'.

మాకు వండిపెట్టేది కోనసీమ నుంచి వచ్చిన ఒక పెద్దాయన. మేమంతా జగిత్యాల, నిజామాబాదు వైపు వాళ్ళమైనా ఆయన్ను ఆయన యాసలోనే 'బాబాయి' అని పిలిచేవాళ్ళం. ఆయన భార్య ఈసా టౌనులో ఒకరింట్లో పనిచేసేది. ఆమెకు శుక్రవారమే సెలవు. మాకూ ఆ రోజే సెలవు కాబట్టి, బాబాయికి పొయ్యి దగ్గర పని ఎక్కువగా ఉండేదీ ఆ రోజే. ఒకే దీవిలో ఉండి కూడా మొగుడూ పెళ్ళాం ఫోనులో మాట్లాడుకోవాల్సి వచ్చేది. గదికి పెద్దయిన మేస్త్రి, మేం పెద్దన్న అనేవాళ్ళం, ఒక రోజు ప్రతిపాదన పెట్టాడు: బాబాయికి శుక్రవారం సెలవు, ఆ రోజు వంతులవారీగా మనమే వండుకోవాలి. అందరూ నా వైపు చూశారు. నేను గొంతు సవరించుకుని చెప్పాను. అవే బియ్యం, అదే కూర, అవే నోళ్ళు. మారేది గరిటె పట్టే చెయ్యి ఒక్కటే. కాబట్టి ఖర్చు సున్న.

చేతులు లేచాయి. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాడు.

మొదటి వంతు, గదిలో మేం మీసాలన్న అని పిలిచే ఆయనది. మటన్ అంటే తమ ఊరిదే మటన్ అని నిరూపించడానికి ఆయన వారమంతటి నూనె ఒక్క గిన్నెలో పోశాడు. రెండో వంతువాడు ఊరుకుంటాడా? నెయ్యి, జీడిపప్పు తెచ్చాడు. చూసి మెచ్చుకోవడానికి మనుషులుండాలని దీవిలోనే ఇంకో ఊరైన కర్జకాన్ నుంచి తన బావమరిదిని పిలిపించుకున్నాడు, ఆ బావమరిది తన దోస్తులను వెంటబెట్టుకొచ్చాడు. మూడో శుక్రవారానికి నెలాఖరు దాకా రావాల్సిన బియ్యం బస్తా దులిపితే దుమ్ము రాలింది. (పేపరు ముక్కలో లేని సగం బహుశా ఇదే. నియమం మారితే మనుషులు కూడా మారతారని.)

"ఏం మంత్రీ, సున్న అంటివి గదా," అన్నాడు పెద్దన్న. "నీ సున్నల మా బస్తా మొత్తం వడిపాయె."

నాకు ఒళ్ళు మండింది. లెక్క తప్పు కాదు, మీరు తప్పు అని వాదించాను. ఎవరూ వినలేదు, సెలవు రద్దు చేద్దామన్నారు. బాబాయి ఇస్త్రీ చొక్కాను మడతపెట్టి పెట్టెలో పెట్టుకుంటూ, "పోన్లెండి అబ్బాయిలూ, మీ పిన్నికి నేను సర్దిచెప్పుకుంటాలే," అన్నాడు. ఆ మాటతో నా కోపం కూడా చల్లబడిపోయింది. "ఇంక నా వంతు రాలె. అది గూడ అయినంక రద్దు చేయుండ్రి," అన్నాను.

అప్పటిదాకా నేను టీ కూడా కాచి ఎరగను. అయితేనేం, లెక్క ఉంది కదా! ఒకరికి ఇంత ఉప్పయితే ఇంతమందికి ఎంతో హెచ్చవేశాను, చింతపండూ అలాగే, మెంతులూ అలాగే. కోడిగుడ్ల పులుసు నల్లగా, గంభీరంగా తయారైంది. మీసాలన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, లేచి వెళ్ళి చాయ్‌లో రొట్టె ముంచుకుని తిన్నాడు. తక్కినవాళ్ళూ ఆయన వెంటే వెళ్ళారు. కర్జకాన్ బావమరిది గడప దగ్గరే వాసన చూసి, ఏదో పని గుర్తొచ్చిందని వెనక్కి తిరిగాడు.

పెద్దన్న అన్నం గిన్నె మూత తీసి, వండింది వండినట్టే ఉన్న అన్నాన్ని చూస్తూ ఆలోచనలో పడ్డాడు. "బాబాయి సెలవు అట్లనే ఉండనీ," అన్నాడు చివరికి. "శుక్రారం శుక్రారం మంత్రే వండాలె. పిడికెడు బియ్యం పోస్తె సాలు, ఎట్లనూ ఎవ్వలు తినరు."

గదంతా చేతులెత్తింది. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ మనసులో లెక్క వేసి చూసుకుంటే, ఖర్చు సున్న కంటే కిందికే పోతోంది. అందరికంటే ఆఖరున నేనూ చెయ్యెత్తాను. బాబాయి అప్పటికే పెట్టె తీసి చొక్కా దులుపుతున్నాడు.

ఇప్పుడు ఆయనా పిన్నీ కోనసీమలోనే ఉంటున్నారు. శుక్రవారం వస్తే ఫోన్ చేస్తాడు. మొన్న శుక్రవారమూ చేశాడు.

"ఏం వండావు అబ్బాయీ?"

"కోడిగుడ్ల పులుసు, బాబాయ్."

"కుర్రాళ్ళు తిన్నారా?"

బయట హోటల్లో తినొస్తామని వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఆ మాటే చెప్పాను. అవతల పిన్ని నవ్వు కూడా వినబడింది. ఫోను పెట్టేసి, నిండుగా ఉన్న గిన్నె ముందు కూర్చుని నేనే ఒక ముద్ద కలుపుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళలో ఉప్పు మాత్రం కొంచెం తగ్గింది.