రివర్స్ బావ అలక

మా ఆయన అలిగితే మనిషి ముఖం చూడరు. అరవడం, గిన్నెలు విసరడం, భోజనం మానెయ్యడం లాంటి మామూలు అలకలు ఆయనకు చేతకావు. ఎవరి మీద అలిగారో వాళ్లు ఎదురుగా ఉన్నా లేనట్టే. పెళ్లయిన కొత్తలో నా మీద అలిగి, చెప్పాల్సిందంతా సీలింగ్ ఫ్యానుకు చెప్పేవారు. "ఎవరైనా టీ ఇస్తే తాగుతాను" అని ఆయన ఫ్యానుతో అంటే, నేనూ ఫ్యానుతోనే "చేతులున్నాయిగా, పెట్టుకోమను" అనేదాన్ని. ఒకసారి మంగలి చెవికి కత్తెర తగిలించాడని అలిగారు. ఆ షాపు కంటపడకూడదని తల పక్కకు తిప్పుకుని నడిచి, కరెంటు స్తంభాన్ని గుద్దుకున్నారు. నుదుటి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ఆయన పని ఎయిర్‌పోర్టులో. అంత పెద్ద విమానానికీ గేటు దగ్గర నుంచి తనంతట తాను వెనక్కి రావడం కుదరదు. ప్రయాణికులు ఎక్కాక దాని ముక్కు కింద చక్రానికి టగ్ అనే పొట్టి బండిని తగిలించి, మెల్లగా వెనక్కి నెట్టాలి. ఆ టగ్ నడిపేది మా ఆయన. కూర్చున్న చోటి నుంచి ఆయనకు విమానం ముక్కు, పొట్ట తప్ప పెద్దగా ఏమీ కనబడవు. తోక ఎటు పోతోందో, రెక్క దేనికి తగలబోతోందో చూసేది రెక్కల చివర నడిచే ఇద్దరు మనుషులు. వాళ్ల చేతుల్లో వెలిగే కర్రలుంటాయి. నిలువుగా పట్టుకుంటే దారి ఖాళీ అని, తలపైన ఒకదానికొకటి అడ్డంగా పెడితే ఆగమని. ఆ ఇద్దరిలో ఒక్కడు కనబడకపోయినా బండి ఆపెయ్యాలి. అన్నిటికన్నా ముందు నేర్పేది అదే.

ఎడమ రెక్క దగ్గర నడిచేది మా తమ్ముడు. ఆ పనిలో పెట్టించింది మా ఆయనే. వాడు మా మేడ మీద గదిలోనే ఉంటాడు. మా ఆయనది పర్మనెంటు ఉద్యోగం, వాడిది కాంట్రాక్టు. ఇద్దరూ ఒకే స్కూటరు మీద వెళ్లి, ఒకే స్కూటరు మీద వచ్చేవాళ్లు. దారిపొడవునా వేళాకోళమే. బావా బావమరుదులంటే ఇలా ఉండాలని ఇరుగుపొరుగు ముచ్చటపడేవాళ్లు. వాళ్ల దిష్టే తగిలిందంటాను నేను.

ఒకరోజు క్యాంటీనులో మా తమ్ముడు నోరు జారాడు. "మా బావ ఇక్కడ నేను కర్రలెత్తితే ఆగుతాడు, ఇంట్లో మా అక్క కళ్లెర్రజేస్తే ఆగుతాడు. విమానాల్ని నెట్టి నెట్టి పాపం మనిషికి రివర్స్ గేరే మిగిలింది" అన్నాడట. అందరూ బల్లలు చరిచి మరీ నవ్వారట. సాయంత్రానికల్లా మా ఆయన ఎయిర్‌పోర్టు మొత్తానికీ 'రివర్స్ బావ' అయిపోయారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా "ఏం రివర్స్ బావా, బాగున్నావా" అని పలకరించడం మొదలెట్టారు.

ఇంకేముంది, అలిగారు. స్కూటరు మీద ఒక్కరే వెళ్లడం మొదలెట్టారు. తమ్ముడు బస్సెక్కాడు. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర వాడు ఎదురుగా కూర్చుంటే ఈయన కిటికీ వైపు తిరిగి తిన్నారు. "బావా, బుద్ధి తక్కువై అన్నాను, ఇదిగో చెంపలేసుకుంటున్నా" అని వాడు రెండు చెంపలూ టపటపా వాయించుకున్నాడు. ఈయన ఫ్యానుతో "దోమలు ఎక్కువయ్యాయి" అన్నారు. సరే, ఎన్నాళ్లుంటుందిలే, అదే దిగుతుందని నేనూ వదిలేశాను.

అలక దిగలేదు. ఆ వారంలోనే ఆ పాడు రోజు వచ్చింది. ఈయన నెడుతున్న విమానం నిండా జనం. వెనక దారిలో, అప్పుడే దిగిన ఇంకో విమానం తన గేటు ఖాళీ అయ్యేదాకా ఆగి ఉంది. అదీ కిటకిటలాడుతూనే ఉంది. ఈయన నెడుతూనే పోయారు. ఈ విమానం తోక వెళ్లి ఆ విమానం రెక్కను గుద్దింది. రెక్క చివర విరిగింది, తోక చీలింది. రెండు విమానాల్లోని వాళ్లూ బిక్కచచ్చిపోయి మెట్ల మీదుగా దిగారు. సూపర్‌వైజరు వచ్చి దింపేదాకా ఈయన ముక్కు చక్రం వైపే చూస్తూ టగ్‌లో కూర్చుండిపోయారట. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ రెక్కల నిండా ఇంధనమే ఉంటుందని, ఒక్క నిప్పురవ్వ చాలునని తమ్ముడు తర్వాత చెప్పాడు.

ఇద్దరినీ పనికి రావద్దన్నారు. విచారణ పెట్టారు. "కర్రలు అడ్డంగా ఎత్తాను, గొంతు చించుకుని అరిచాను" అన్నాడు తమ్ముడు. "నేను చూస్తూనే ఉన్నాను, వాడి కర్రలు నిలువుగానే ఉన్నాయి" అన్నారు మా ఆయన. కుడి రెక్క మనిషికి విమానం పొట్ట అడ్డం. గేటు కెమెరాకు సామాన్ల బండి అడ్డం. ఇక మిగిలింది వీళ్లిద్దరి మాటే. ఎవరి మాట చెల్లుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. పర్మనెంటు మనిషి వెనక యూనియన్ ఉంది, కాంట్రాక్టు వాడి వెనక ఎవరున్నారు? ఈ మచ్చతో తీసేస్తే వాణ్ని ఇంకే ఎయిర్‌పోర్టూ గుమ్మం తొక్కనివ్వదు.

ఇక ఇల్లు ఇల్లులా లేదు. మేడ మీద తమ్ముడు ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూనే ఉండేవాడు. కింద ఈయన కూర్చునేవారు, లేచేవారు, కట్టేసి ఉన్న కుళాయిని మళ్లీ బిగించి వచ్చేవారు. వీధిలో లారీ ఏదైనా రివర్స్ చేస్తూ కూత పెడితే పైన అడుగులు ఆగేవి, కింద ఈయన చేతిలో పేపరు ఆగేది. లారీ వెళ్లిపోయాక మళ్లీ మొదలు. ముందు నుయ్యి వెనక గొయ్యి అని విన్నాను గానీ, పైన తమ్ముడు కింద మొగుడు అని నాకెవరూ చెప్పలేదు. ఇద్దరికీ టీ కలిపిచ్చి, ఎవరి ముఖమూ చూడలేక వంటింట్లో నిలబడేదాన్ని.

ఆఖరి విచారణకు ముందు రోజు పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. బుట్టలో అడుగున, దుమ్ము పట్టిందని మళ్లీ తడిపిన తమ్ముడి నారింజ రంగు డ్యూటీ జాకెట్ తగిలింది. ఎయిర్‌పోర్టులో దూరానికి కనబడాలని అందరూ వేసుకునేది అదే. దాన్ని విదిలించి తీగ మీద వేస్తుంటే ఆ రోజు పొద్దుటి సంగతొకటి గుర్తొచ్చింది. ఈయన ఆ పక్కనే బూట్లకు అంటిన మట్టి గీకుతున్నారు.

"ఏమండీ, ఆ రోజు మీరు వాణ్ని చూశారు కదా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? చూశాను."

"ఏ రంగు జాకెట్ వేసుకున్నాడు?"

"నారింజ. ఇంకేం వేసుకుంటాడు? ఇదేం ప్రశ్న?"

నా చేతిలో క్లిప్పు కింద పడింది.

"వాడి నారింజ జాకెట్ ఆ రోజు ఇదిగో, ఈ తీగ మీద ఉంది. తడి ఆరలేదని ఎప్పటిదో పాత ఆకుపచ్చది వేసుకెళ్లాడు. చిలకలా ఉన్నానా అక్కా అని నన్ను అడిగి మరీ వెళ్లాడు. అంతమంది నారింజల్లో వాడొక్కడే ఆకుపచ్చ. చూసినవాళ్లెవరైనా మర్చిపోతారా?"

ఆయన అలవాటుగా తల పైకెత్తారు. పెరట్లో ఫ్యాను ఎక్కడుంది?

"నా ముఖం చూసి చెప్పండి" అన్నాను. "స్తంభాన్ని గుద్దుకున్నారు, మీ నుదురు మీ ఇష్టం. ఇది వాడి బతుకు. అయినా ఆ విమానాల్లో అంతమంది జనం, పిల్లాజెల్లా..." కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

తల దించి నా వైపు చూశారు. "అటు చూడలేదు. అటుంది వాడనే చూడలేదు. కుడివైపు వాణ్నే చూసుకుంటూ నెట్టాను. ఏదో అరుపు వినబడింది. మళ్లీ వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను."

కింద పడ్డ క్లిప్పు తీసి జాకెట్‌కు పెట్టాను.

"ఇప్పుడు చెబితే ఉద్యోగం పోతుందే" అన్నారు మెల్లగా.

నిజం చెప్పొద్దూ, ఆ మాటకు నా గుండె కూడా జారింది. ఈ ఇల్లు నడుస్తున్నదే ఆయన జీతం మీద. అయినా చెప్పాను. "పోతే పోనివ్వండి. ఇద్దరికీ కాళ్లూ చేతులున్నాయి. వాడి నోటి దగ్గర కూడు లాగి మీ కంచంలో వడ్డించడం మాత్రం నా వల్ల కాదు."

మర్నాడు విచారణకు మా ఆయన్నొక్కరినే పిలిచారు. వెళ్లి చెప్పేశారు. ఎందుకు చూడలేదని పెద్దాఫీసరు అడిగితే, "అలిగాను సార్" అన్నారట. ఆ గదిలో ఒక్కరూ నవ్వలేదట. ఇక టగ్ ముట్టుకోవద్దన్నారు. ఉద్యోగం సంగతి తర్వాత తేలుస్తామన్నారు. తమ్ముణ్ని పనిలోకి రమ్మన్నారు.

ఆ కబురు నేను చెబుతానంటే వద్దన్నారు. బూట్లయినా విప్పకుండా మేడ మెట్లెక్కారు. నేను కింద నిలబడ్డాను. అడుగుల చప్పుడు విని తమ్ముడు తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

"ఒరేయ్, ఉన్నదున్నట్టు చెప్పేశాను. రేపట్నుంచి నువ్వు పనిలోకి..."

తమ్ముడు రెండు చేతులూ తలపైకెత్తి ఒకదానికొకటి అడ్డంగా పెట్టాడు. వాడి కళ్లనిండా నీళ్లు. అది వేళాకోళం కాదు. ఇన్నాళ్లూ ఊరందరి ముందూ వాణ్ని అబద్ధాలకోరును చేసింది ఈ మనిషే కదా.

ఈయన సగం మెట్ల మీద ఆగిపోయారు. మళ్లీ ఎక్కడ అలుగుతారో, తల తిప్పుకుని ఎక్కడ దిగొచ్చేస్తారో అని నా ప్రాణం గిలగిల్లాడింది. "చాల్లే, ఇద్దరూ దిగండి, భోజనం చల్లారిపోతోంది" అని అరవబోయి నోరు నొక్కుకున్నాను.

తమ్ముడి చేతులు దిగలేదు. ఈయన అడుగు వెయ్యలేదు, తల తిప్పుకోలేదు. వాడి ముఖంలోకే చూస్తూ నిలబడ్డారు.