బాబ్జీ గారి చేపల ఉపవాసం

బాబ్జీ గారి ఇరవై అయిదో పెళ్ళిరోజున, అమలాపురంలో వాళ్ళ ఇంటి హాల్లో ఆలుమగలిద్దర్నీ పీటల మీద కూర్చోబెట్టారు. బంధువులంతా అక్షింతలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. బాబ్జీ గారు పీట మీంచి లేచి, పెద్దాచిన్నా తేడా లేకుండా అందరి గుప్పిళ్ళూ తెరిపించి, గింజలన్నీ తిరిగి పళ్ళెంలో పోయించారు. తర్వాత వచ్చి పీట మీద కూర్చుని వినయంగా తల వంచారు. దీవెనలు వట్టి చేతులతో జరిగాయి. ఆయన భార్య సత్యప్రియ నెత్తిన ఎవరిదో ఒక్క గింజ పడింది. దాన్ని కూడా ఆయన తీసి జేబులో వేసుకున్నారు.

కారణం పెద్దదేమీ కాదు. పీటల వెనకాల అక్వేరియం ఉంది.

బాబ్జీ గారికున్న పిచ్చి అదొక్కటే. అక్వేరియం దగ్గరికి ఎవరు వెళ్ళినా, “ఏదండీ, ఓసారి గుప్పిట తెరవండి” అంటారు. బస్సు కండక్టరు టిక్కెట్టు అడిగినంత మామూలుగా అంటారు. మేత ఎక్కువైతే నీళ్ళు పాడవుతాయి, నీళ్ళు పాడైతే పాచి పడుతుంది, పాచి పడితే లోపల ఆయన ప్రాణంగా పెంచుకుంటున్న నీటి మొక్కలు ఊపిరాడక చస్తాయి. ఇదీ ఆయన వాదన.

ఈ జ్ఞానం ఆయనకి ఊరికే రాలేదు. ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువుల గట్ల మీద నిలబడి, నీళ్ళ రంగు చూసి చూసి బీపీ తెచ్చుకున్న మనిషి. డాక్టరు గారు ఓ రోజు, “చెరువులు లీజుకిచ్చేసి, ఇంట్లో ఓ చేపల తొట్టి పెట్టుకుని ప్రశాంతంగా చూస్తూ కూర్చోండి బాబ్జీ గారూ” అన్నారు. చెరువులు లీజుకి వెళ్ళాయి. తొట్టి ఇంటికి వచ్చింది. బీపీ మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

అసలు చిక్కు ఊళ్ళో ఉంది. ఎదుటి ప్రాణి నోరు కదుపుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కోనసీమలో పుట్టలేదు. చేప అన్నది పుట్టిన దగ్గర్నుంచీ నోరు కదుపుతూనే ఉంటుంది.

పక్కింటి సీతారత్నం గారు వ్రతం ప్రసాదం ఇవ్వడానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ తొట్టి దగ్గర ఆగారు.

“గుప్పిట తెరవండి సీతారత్నం గారూ.”

“ఒక్క జీడిపప్పు పలుకండీ. పాపం, నోరు లేని జీవాలు.”

“వాటికున్నదే నోరండీ. ఇంకేం ఉంది?”

తోడల్లుడు మురళీమోహన్ ఇంకా తెలివైనవాడు. ఆయన మడతకాజాని మొత్తం వెయ్యలేదు. ఒక్క మడత విప్పి వేశాడు. తొట్టి పాకం పట్టింది. “సగం కూడా వెయ్యలేదు కదా అన్నయ్య గారూ” అని ఇప్పటికీ బాధపడుతుంటాడు.

ఇక బాబ్జీ గారి సంగతికొస్తే, ఆయన చిటికెడు మేత కూడా వెయ్యరు. మేత డబ్బా బీరువాలో, బీరువా తాళం ఆయన మొలతాడుకీ. ఎవరైనా అడిగితే, “ఆ పాచి తిని బతుకుతాయండి” అంటారు.

“మరి పాచిని మీరు గీకేస్తున్నారు కదండీ?” అని సీతారత్నం గారు అడిగిన రోజున ఆయన వినపడనట్టు లోపలికి వెళ్ళిపోయారు.

ఇంత కట్టడి చేసినా పాచి పడుతూనే ఉంది. అద్దాల మీద పచ్చటి పొర, ఆకుల అంచుల్లో నూగు జుట్టు. వెలుతురు ఎక్కువైందని ఆయన హాలు కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టారు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పుకుని లోపలికి అడుగు పెట్టి, మొదట సోఫాకి తగిలి, తర్వాత ఒకరికొకరు తగులుకుంటూ కూర్చునేవారు. బాబ్జీ గారు గడువు తీరిన ఏటీఎం కార్డుతో రోజూ అద్దం గీకేవారు. ఓసారి పెట్రోలు బంకులో పొరపాటున ఆ కార్డే ఇస్తే, వాళ్ళు వాసన చూసి రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కిచ్చారు. తొట్టిలోంచి తీసిన నీళ్ళు పెరట్లో కొబ్బరిచెట్టుకి పోసేవారు. ఈ వ్యవహారంలో బాగుపడింది ఆ చెట్టొక్కటే.

పాచి ఎందుకు పడుతోందో సత్యప్రియకి తెలుసు. తెలిసే దాస్తోంది.

వాళ్ళమ్మ వెంకటరమణమ్మ గారిది కపిలేశ్వరపురం. ఆవిడ ఇంటి గడపలోకి వచ్చి, తినకుండా బయటపడ్డవాళ్ళు లేరు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాళ్ళకి కూడా ముందు విస్తరి, తర్వాతే మీటరు. అలాంటావిడకి కిందటేడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కూతురు తెచ్చి తన దగ్గర పెట్టుకుంది. వేళ్ళు కదపడానికి డాక్టరు గారు రబ్బరు బంతి ఇస్తే, “నేనేమైనా పసిపిల్లనా” అని మంచం కిందికి దొర్లించేసింది. వడ్డించే చెయ్యి పోయాక నోటికి కూడా పని లేదనుకుందో ఏమో, మాట్లాడ్డం మానేసింది. రెండు ముద్దలు తిని గోడవైపు తిరిగి పడుకునేది.

అలాంటిది ఓ పొద్దున్న సత్యప్రియ కాఫీ తీసుకుని వచ్చేసరికి, ఆవిడ తొట్టి పక్కన నిలబడి ఉంది. కొంగు ముడి పళ్ళతో విప్పి, అందులోంచి అన్నం తీసి, ఆ వంకరపోయిన వేళ్ళతోనే నలిపి నలిపి నీళ్ళలోకి రాలుస్తోంది. గప్పీలూ, ఏంజెల్ చేపలూ అన్నీ ఆవిడ చేతి కిందికి చేరిపోయాయి.

“రండమ్మా రండి. తోసుకోకండి, అందరికీ ఉంది. ఏవే బుల్లిదానా, వెనకాల నిలబడ్డావేం?”

పంక్తిలో వడ్డించే గొంతు. అది మళ్ళీ వింటానని సత్యప్రియ అనుకోలేదు. కాఫీ గ్లాసుతో అలాగే వెనక్కి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆమెకి ఒకటే భయం. దీవించబోయిన పెద్దల గుప్పిళ్ళు తెరిపించిన మనిషి, రేపు తెరుచుకోవడమే కష్టమైన ఆ గుప్పిట ముందు నిలబడి ఆ మాట అంటే? అమ్మ ఆ సాయంత్రానికే సంచీ సర్దుకుంటుంది. ఆ చెయ్యి ఇంక లేవదు. అందుకని గుట్టుగా రోజూ గుప్పెడు అన్నం ఎక్కువ వండేది, తొట్టి మూత మీద మెతుకులు తుడిచేది.

అత్తా అల్లుళ్ళు నేరుగా మాట్లాడుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు. ఒకే హాల్లో ఎదురెదురుగా కూర్చుని, సత్యప్రియ మీదుగా మాట్లాడుకునేవారు.

“సత్యా, చేపల డొక్కలు ఎండిపోతున్నాయని అల్లుడు గారితో చెప్పవే.”

“అది సన్నపు జాతని అత్తయ్య గారితో చెప్పు.”

“పెట్టకుండా మాడ్చేవాళ్ళంతా అలాగే అంటారని చెప్పు.”

మధ్యలో సత్యప్రియ తల అటూ ఇటూ తిప్పేదే గానీ ఏమీ చెప్పేది కాదు. చెప్పాల్సిన అవసరమూ ఉండేది కాదు.

చివరికి ఆకులన్నీ నల్లబడి రాలడం మొదలయ్యాక, బాబ్జీ గారు అక్వేరియం షాపు శ్యామ్ బాబుని పిలిపించారు. అతను కిటికీ దుప్పటి ఎత్తి, టార్చి వేసి, తొట్టిని నాలుగువైపులా చూశాడు.

“వెలుతురు తగ్గించేరు. నీళ్ళు మారుస్తున్నారు. పాచి తినే నత్తల్ని కూడా వేసేరు. ఇంక మిగిలింది ఒకటేనండి. మేత ఎక్కువైపోతోంది.”

తలుపు తీసున్న పక్కగదిలో, గోడవైపు తిరిగి పడుకున్న వెంకటరమణమ్మ గారి వీపు బిగుసుకుంది.

“అబ్బే, మేతే లేదండి” అన్నారు బాబ్జీ గారు.

శ్యామ్ బాబు పొడుగాటి పట్టకారు లోపలికి పెట్టి, మొక్క మొదట్లోంచి తెల్లటిదేదో పైకి తీశాడు. “మరి ఇదేంటండీ?”

“నత్త గుడ్డు” అంది సత్యప్రియ. నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

శ్యామ్ బాబు దాన్ని టార్చి వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. “నత్త గుడ్డు పసుపుగా ఉందేంటండీ? పక్కన ఆవగింజ కూడా ఉంది.”

నిన్న ఇంట్లో పులిహోర చేశారు.

సత్యప్రియ నేల చూపులు చూస్తోంది. అప్పుడు బాబ్జీ గారు ఆ మెతుకుని అరచేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, చాలాసేపు పరీక్షించారు.

“ఆయ్, నత్త గుడ్డేనండి” అన్నారు. “మా నత్తలు కాస్త అలాంటివే.”

శ్యామ్ బాబు ఆలుమగల్ని మార్చి మార్చి చూసి, ఇంకో పది నత్తల్ని ఇచ్చి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న సత్యప్రియ వంటింటి తలుపు వారన నిలబడి చూసింది. బాబ్జీ గారు ముక్కాలిపీట తువ్వాలుతో తుడిచి తొట్టి పక్కకి జరిపారు. మూత ఓ చెయ్యి పట్టేంత పక్కకి తోశారు. మెతుకులు కొట్టుకుపోకుండా నీళ్ళు తిప్పే మోటారు ఆపారు. అప్పుడు పేపరు తీసుకుని వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు.

కర్ర చప్పుడు చేసుకుంటూ వెంకటరమణమ్మ గారు వచ్చింది. కొంగు ముడి విప్పింది. ఈసారి ముడిని పళ్ళతో కాదు, ఆ కుడిచేతి వేళ్ళతోనే విప్పుకుంది.

“రండమ్మా, ఇవాళ కొబ్బరన్నం.”

వడ్డన అయ్యింది. ఆవిడ కొంగు దులుపుకుని లేచేవేళకి, వరండాలోంచి పెద్ద దగ్గు వినిపించింది. సీతారత్నం గారింటిదాకా వినపడే దగ్గు. ఆవిడ వెళ్ళి మంచం మీద కూర్చునేదాకా ఆ దగ్గు ఆగలేదు. ఆ తర్వాత బాబ్జీ గారు తాపీగా లోపలికి వచ్చి, మోటారు వేసి, ఏటీఎం కార్డు తీసి పాచి గీకడం మొదలెట్టారు.

సత్యప్రియ కాఫీ గ్లాసు ఆయన పక్కన పెట్టింది. ఏదో ఒకటి దెబ్బలాడకపోతే ఏడుపు వచ్చేలా ఉంది.

“ఏవండీ, మా అల్లుడు పీనాసి, చేపల్ని మాడ్చి చంపుతున్నాడని అమ్మ వీధంతా చెబుతోంది. నిన్న సీతారత్నం గారు కూడా నన్ను పట్టుకుని అడిగేరు. మీరూ ఓ చిటికెడు వేస్తే ఆ మాట పోతుంది కదా.”

బాబ్జీ గారు అద్దం మీంచి చెయ్యి తియ్యకుండానే, “నేనూ వేసేస్తే వాటి కడుపు నిండిపోదూ? ఇంక మీ అమ్మగారు వస్తే పైకెవరొస్తారు సత్యా?” అన్నారు.